బూడిదరంగు బటన్

"చంద్రిక ఇప్పుడు మన మనిషి కాదు. ఆ మాట నువ్వు ఒప్పుకుంటేనే అసైన్‌మెంట్ ఇస్తాను," అంది చీఫ్ ఇంద్రాణి.

అనంతపురంలో బోరు మోటార్ల షాపు వెనక గది అది. ముందు గదిలో రిపేర్లు, వెనక గదిలో దేశ రక్షణ. ఏజెంట్ ప్రతాప్ ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాడు.

చంద్రిక అతని భార్య. బెంగళూరులో ఒక ఆపరేషన్‌కు కవర్ కావాలని డిపార్ట్‌మెంటే వాళ్లిద్దరికీ పెళ్లి చేసింది. పెళ్లి ఉత్తుత్తిదే గానీ కాపురం మాత్రం నిజంగానే చేశారు. తరువాత ఆమె డబుల్ ఏజెంట్‌గా 'వైట్ స్పేస్' అనే విదేశీ ముఠాలో చేరింది. కొన్నాళ్లు రిపోర్టులు పంపింది. ఆపైన చడీ చప్పుడూ లేదు.

"ఒప్పుకున్నాను," అన్నాడు ప్రతాప్.

"అయితే విను. కణేకల్ పంప్ హౌస్ నుంచి మూడు వందల ఊళ్లకు తాగునీళ్లు పోతాయి. అక్కడి కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో ముఠా దొంగ అప్‌డేట్ ఎక్కించింది. ఈ మధ్యాహ్నం పన్నెండుకు వాల్వులు మూసుకుపోయి, పంపులు ఫుల్ స్పీడులో తిరుగుతాయి. మెయిన్ పైపు పేలిపోతుంది. ఈ మే నెల ఎండల్లో జనం గొంతులెండిపోతాయి."

"కరెంటు తీసేస్తే?"

"నీళ్లు ఒక్కసారిగా వెనక్కి తన్నుతాయి. అప్పుడూ పైపు పగలాల్సిందే. సరిగ్గా ఆపే దారి ఆ అప్‌డేట్‌లోని స్క్రీన్ డిజైన్ చేసినవాళ్లకే తెలుసు. చేసింది చంద్రిక. నిన్ను కలుస్తానని ఇన్నాళ్లకు కబురంపింది. దారి చెబితే సరే. చెప్పకపోతే రాష్ట్రం దాటనివ్వకు."

బుక్కరాయసముద్రంలో ఒక టిఫిన్ హోటల్. ప్రతాప్ కంప్యూటర్ సర్వీస్ వాడి వేషంలో వచ్చాడు. పెట్టుడు మీసం, భుజాన సంచి, జేబులో కెమెరా పెన్ను.

"ఉగ్గాని చల్లారిందా?" కోడ్ వర్డ్ అన్నాడు.

"బజ్జీ మాత్రం కారంగానే ఉండాది," అంది చంద్రిక.

నేరేడుపండు రంగు సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు, చెవులకు పెద్ద కమ్మలు. హోటల్లో సగం మంది తినడం మానేసి ఆమెనే చూస్తున్నారు. పక్క టేబుల్ దగ్గర ఆమె డ్రైవర్ ఇడ్లీ తుంపుతూ ఇటే ఓ కన్నేసి ఉంచాడు.

"బక్కగైనావు," అంది.

"నీ పుణ్యమే. పన్నెండుకు ఏం చేయల్లో చెప్పు."

చంద్రిక పకపకా నవ్వింది. "ఇంకా ఆ పాతకాలం స్క్రీనే వాడతాండావా? బూడిద రంగు, ఎత్తు బటన్లు. చూస్తే రేషన్ షాపు బీరువా గుర్తొస్తాది నాకు."

వాళ్ల కాపురంలో ఉన్న ఒకే ఒక్క తగాదా అది. ఇంట్లో కంప్యూటర్ ఒకటే. బటన్ ఉబ్బెత్తుగా, అంచుకు నీడతో ఉండాలని అతను సెట్టింగులు మారిస్తే, ఆమె మళ్లీ అంతా తెల్లగా, చదునుగా చేసేసేది. "నొక్కేది నొక్కేట్టు కనపడల్ల. గడియ యాడుండాదో తెలీని తలుపు ఎందుకు?" అని అతను. "కంటికి హాయిగా ఉండొద్దా?" అని ఆమె. అలా పోట్లాడుకున్న రోజులే తన బతుకులో మంచి రోజులని ప్రతాప్‌కు తరువాత తెలిసింది.

"ఆ ముచ్చట్లకు ఇప్పుడు టైం లేదు," అన్నాడు కటువుగా.

ఆమె లేచింది. "నాకు నచ్చని డిజైన్ ఎవురు బతిమాలినా చేయను. నీకు తెల్సు కదా."

పోతూ పోతూ అతని భుజం మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఉంచి తీసేసింది. అదీ వెక్కిరింతే అనుకున్నాడు ప్రతాప్. కారు బెంగళూరు హైవే వైపు మళ్లగానే సోమందేపల్లె దగ్గర కాపలా ఉన్న తోటి ఏజెంట్ విష్ణువర్ధన్‌కు ఫోన్ చేశాడు.

"తెల్ల కారు. ఆపు."

"ఆగకపోతే అన్నా?"

ప్రతాప్ కారు పోయిన దారి వంక చూశాడు. "కాల్చు," అన్నాడు.

కణేకల్ పంప్ హౌస్‌కు చేరేసరికి పన్నెండు కావస్తోంది. ఆపరేటర్ నాగప్ప కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

"రిపేరోనివాప్పా? ఈ కొత్త స్క్రీన్‌తో సచ్చిపోతాండా. సున్నం కొట్టిన గోడ మాదిరి ఉండాది. యాడ నొక్కల్ల, ఏది నొక్కల్ల?"

అంతలో స్క్రీన్ మధ్యలో ఒక ప్రశ్న తేలింది. 'నీటి సరఫరా ఆపాలా?' పక్కన అంకెలు వేగంగా తగ్గుతున్నాయి. కింద రెండు బటన్లు. 'వద్దు' అన్నది లేత నీలంలో చదునుగా, ముచ్చటగా ఉంది. 'ఆపు' అన్నది బూడిద రంగులో వికారంగా ఉంది.

నాగప్ప మౌస్ అందుకున్నాడు. "ఏం అడుగుతాండారప్పా వీళ్లు? వచ్చే నీళ్లను ఎవురన్నా ఆపమంటారా?"

ప్రతాప్ అతని చెయ్యి పట్టుకున్నాడు. ముఠా ఎత్తు అప్పుడు అర్థమైంది. తప్పు ఆపరేటర్ మీదికి తోయడానికే ఈ ప్రశ్న. ఈ గడ్డ మీద పుట్టినవాడెవడూ నీళ్లు ఆపమని నొక్కడు. 'వద్దు' నొక్కితే పైపు గతి అంతే. ఏదీ నొక్కకపోయినా అంతే.

అతని చూపు రెండో బటన్ మీద ఆగిపోయింది. పైఅంచున తెల్ల గీత, కిందఅంచున నల్ల నీడ. అచ్చం రేషన్ షాపు బీరువాలా ఉబ్బెత్తుగా ఉంది. తన కోసం తప్ప చంద్రిక చచ్చినా గీయని బటన్. ఇంత అసహ్యమైనదాన్ని ఎవరూ నొక్కరులే అని ముఠావాళ్లు నవ్వుకుని ఉంటారు.

ఒకవేళ ఇదే ఎర అయితే? తనకేది ఇష్టమో ఆమెకు తెలుసు కదా. ఆలోచించడానికి వ్యవధి లేదు. ఆమెను నమ్మాలి, లేదా నమ్మకూడదు, అంతే. ఇన్నాళ్లూ నమ్మలేకపోయిన మనిషిని ఆ ఒక్క క్షణం నమ్మి, నొక్కాడు.

అంకె ఒకటి దగ్గర నిలిచిపోయింది. పంపుల హోరు మెల్లమెల్లగా తగ్గింది. పైపు నిలిచింది.

ప్రతాప్ ఫోన్ తీశాడు. "విష్ణూ, కాల్చొద్దు. ఆయమ్మ మన మనిషే. మన మనిషే."

"కారు ఆగలేదన్నా. డ్రైవర్ బతికినాడు. ఆయమ్మ పోయింది. ఆయమ్మ కమ్మలో మైకు దొరికిందన్నా, ముఠావాళ్లు పెట్టినారు. ఆయమ్మ ఏం మాట్లాడినా డ్రైవర్‌కు ఇనపడతాది."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు ప్రతాప్. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. ఏడవడానికి కూడా సిగ్గేసింది అతనికి. ఆమెను చంపమన్న నోరు తనదే.

నాగప్ప స్క్రీన్‌ను దగ్గరగా చూస్తున్నాడు. "అంతా ఒకెత్తు, ఈ బటన్ ఒకెత్తు. అబ్బా, బటన్ అంటే ఇట్లుండల్ల. ఎవురు చేసినారప్పా?"

"మా ఇంటామె."

"బంగారట్ల తల్లి. మిగతావి కూడా ఇట్లే చేయమని చెప్పప్పా ఆయమ్మకు."

"చెప్తాలే," అన్నాడు ప్రతాప్.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి లెక్కలేనన్ని అబద్ధాలు ఆడాడతను. సర్వీసులో గొంతు వణికింది మాత్రం ఆ ఒక్కదానికే.