మిరపకాయల అర్రల మొఖం

గార్లల రైలు గేటు దాటంగనే గోపాల్ సేటు మిరపకాయల అర్ర ఉంటది. పగటీలి ఆ అర్ర ముంగట మేకలు గూడ పండుకుంటయి. పొద్దుగూకిందంటే మాత్రం... మనిషన్నోడు అటుకెల్లి రాడు. సుట్టు తిరిగి పట్టాలెంబడి పోతుండె.

ఎందుకంటే, తాళమేసిన ఆ అర్రల రాత్రిపూట సంగీతం మోగేది.

ఒక్కపారే. టిణింగ్... టిణింగ్... అని. దానెన్కనే సన్నగ, బొంగురుగ... ఏడ్పు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న దినాలయి. బస్సులు బంద్, బడులు బంద్, భూపాలపల్లి దిక్కు బొగ్గు బావులు బంద్. బొగ్గు లేకపోతే కరెంటు ఏడికెల్లి వస్తది? పగలంత ఉండకపోయేది. రాత్రి ఎనిమిదింటికి వచ్చి పదింటికి పోయేది. కరెంటు వచ్చిందంటే ఊరంత మురుస్తది గద... ఆ అర్ర పక్కపొంటి ఉన్నోళ్లు మాత్రం తలుపులేసుకోని బిగుసుకపోతుండ్రి. కరెంటొచ్చిన జరంత సేపటికే ఆ సంగీతం మరి.

ఆ అర్ర సేటు పెండ్లాం లక్ష్మీకాంతమ్మది. సమ్మె మొదలైన వారానికే ఆమె పానం పోయింది, ఆ అర్రల్నే, కుర్సీల కూసున్నకాడనే. ముంగట కంప్యూటర్ ఉండె. మనుమరాలు అక్షర జనగామల చదువుకుంటది, దుకాణం బిల్లుల కోసమని సెలవులల్ల తెచ్చిపెట్టింది. ముసలామె పగటీలి తలుపు దగ్గరికేసుకోని దాని ముంగటనే కూసునేది. బిల్లులు నేర్చుకుంటుందేమో అనుకున్నరు జనం. ఆమె పోయిన్నాడు ఆ పెట్టెను బంద్ చేద్దామన్న సోయి ఎవ్వలకు లేదు. తర్వాత చేసే ధైర్యం లేదు.

మిరపకాయల తొడిమెలు తీసే మరియమ్మ ఒకనాడు కిటికి సందులకెల్లి చూసిందట.

"అమ్మ మొఖమే... సందమామ లెక్క ఎలిగింది. రెప్ప కొట్టే అంతసేపే. మళ్ల చీకటి!"

చేతుల చాట అక్కడ్నే పారేసి ఉరికింది. ఆ చాట దసరా దాటినా అక్కడనే ఉండె. తెచ్చుకునే మొగోడు గార్లల పుట్టలే.

ఉన్నడు ఒక్కడు. తండ టీక్యా.

టీక్యా టీవీలు బాగుచేస్తడు. "దెయ్యమా? మీటరు పెట్టి చూస్త, దానికెన్ని వోల్టులుంటయో!" అని చాయ్ హోటల్ల గట్టిగనే అన్నడు. ఒక్కటే తక్లీఫ్ ఆయనకు: ఘాటు తగిలితే తుమ్ములు. మూడంటే మూడు. రెండుకు ఆగడు, నాలుగుకు పోడు. తండ పోరగాండ్లు లెక్కవెట్టి చప్పట్లు కొడుతుండ్రి.

ఆ మాట సేటు చెవుల పడ్డది. బస్సులు మళ్ల నడుస్తయని తెలిసిన నాడు, టీక్యా పగలంత పట్టాల మీద వంటావార్పుల ఉండి సాయంత్రం ఇంటికి పోతుంటే పిలిచిండు.

"టీక్యా, జర ఆ కంప్యూటర్ వైర్లు ఊడదీసి మూట గట్టియ్యి. రేపు మొదటి బస్సుకు కాళేశ్వరం పోతున్న."

"కంప్యూటర్ పట్టుకోని కాళేశ్వరమా సేటు? దేవునికి బిల్లులు కొట్టిస్తవా?"

"పరాచికాలు ఒద్దురా. మీ సేటమ్మ అండ్లనే చిక్కుకున్నది. పోయినోళ్లకు పానమసొంటి వస్తువును అస్తికలతోని గోదాట్ల ఇడుస్తం గద. ఇడిస్తే ఆమెకు సుఖం."

బస్సులు లేక అస్తికల కుండ ఇన్నొద్దులు వాకిట్లనే యాలాడుతుండె. టీక్యా నవ్వు ఆపుకున్నడు. సేటు ఎనక గోడ మీద ఒక మేకు... ఆ మేకుకు పూలదండ. దండ నడుమ ఏం లేదు. ఉత్త సున్నపు గోడ.

"ఫొటో ఏది సేటు?"

"ఉంటే గద! ఫొటో దిగితే ఆయుస్సు తరుగుతదని నలభై ఏండ్లు నన్ను సతాయించింది. ఓటు కార్డు మీద ఉన్నదంటే... అది ఆమెనో బొగ్గుపెళ్లనో నాకే తెల్వదు. కండ్లు మూసుకుంటే మొఖం గూడ జర జర మసకైతున్నది, టీక్యా." తాళంచెవి చేతిల పెట్టిండు. "నేను అటు రాను. నాకు భయం."

ఇగ తప్పుతదా? చాయ్ హోటల్ల నోరు జారె గద. ఎనిమిదింటికి టీక్యా ఒక్కడే పోయిండు, ఒక చేతిల సామాన్ల సంచి, ఇంకో చేతిల టార్చి ఉన్న సెల్లు.

తాళం తీసిండు. తలుపు కిర్రుమన్నది. లోపట మిరప బస్తాలు, ఘాటు... నల్లటి తెర. దాని మీద పసుపు కుంకుమ చల్లి ఉన్నది.

"అమ్మా, నేను... టీక్యాను. మీ టీవీ బాగుచేసింది నేనే... పైసలు గూడ తక్కువనే తీసుకున్న..."

కరెంటు వచ్చింది.

పెట్టెల ఏందో గర్రుమన్నది. ఆగింది.

టిణింగ్... టిణింగ్...

తెర మీద లక్ష్మీకాంతమ్మ! కండ్లు, ముక్కుపుల్ల, నోటికి అడ్డం కొంగు... ఎలిగి, ఆరింది.

టీక్యా ఎప్పుడు పడ్డడో ఆయనకే తెల్వదు. బల్ల కింద ఉన్నడు. హాచ్చి! హాచ్చి! హాచ్చి!

తుమ్ములు అయినంక చూసుకుంటే పానం ఉన్నది. ఎనక కిటికి దిక్కుకెల్లి... సన్నగ ఏడ్పు. ఉరికితే చాయ్ హోటల్ల మొఖమెట్ల చూపెడతడు? కూసున్నకాడనే ఆలోచన చేసిండు. పాటొచ్చింది. అంటే పెట్టె బతికే ఉన్నది, కరెంటు రాంగనే తానే లేస్తున్నది. తెర అంచుకు పచ్చ దీపం ఎలుగుతున్నది. అంటే తెరకు కరెంటు అందుతున్నది. మరి మొఖం ఒక్క సెకండే వచ్చి ఎందుకు పోయింది? కనపడాలనుకున్న దెయ్యం తీరుబాటుగ కనపడదా? దానికేం బస్సు తప్పిపోతదా?

లేచి, టార్చిని తెరకు దగ్గర పెట్టి ఏటవాలుగ కొట్టిండు.

ఉన్నది.

నల్లటి తెర లోపట, పొగల లెక్క... మసకమసకగ లక్ష్మీకాంతమ్మ ఉన్నది. టార్చి జరిపితే పోతున్నది. మళ్ల తెస్తే వస్తున్నది. కదులుతలేదు. నవ్వుతున్నది.

"అరే... ఫొటో!"

బొమ్మ మంచిగనే ఉన్నది. చచ్చింది దాని ఎనక ఎలుగు. గసొంటి తెరలల్ల బొమ్మకు సొంత ఎలుగుండదు. ఎనక సన్నటి ట్యూబులైట్లు ఎలిగితేనే మనకు కనపడతది. కరెంటు ఎచ్చుతక్కువైతే వాటిని ఎలిగించే చిన్న పలక పాడయితది. ఒక్క సెకండు ఎలిగిచ్చి చేతులెత్తేస్తది.

అప్పుడు గుర్తుకొచ్చింది టీక్యాకు... గోడకు ఉత్త మేకు. పొద్దుగాల మొదటి బస్సు. సేటు దగ్గర లేని ఒక్క మొఖం, సేటు చేతులతోనే గోదాట్ల పోతది!

ఏడ్పు ఇంక ఇనపడుతనే ఉన్నది. "ఏడువమ్మా, ఏడువు. నా పని నన్ను చేసుకోనియ్యి," అనుకుంట వైరు పీకి, జరసేపు ఆగిండు. పీకినా అండ్ల కరెంటు దాక్కోని కొడతది. పదింటికి మళ్ల కరెంటు పోతది, ఆలోపే కావాలె. ఎనక డొప్ప ఇప్పితే చిన్న పలక మీద రెండు కెపాసిటర్లు పొట్టలుబ్బి ఉన్నయి, పెండ్లి భోజనం చేసినట్టు. సంచిల పాత టీవీయి ఉండె. వాటి మీది అంకెలు చూసి, సరిపడేటియి రెండు ఏరి, సీసం కాచి అతికిచ్చిండు. వైరు పెట్టిండు.

టిణింగ్...

ఎలిగింది. టీక్యా లెక్కవెట్టిండు. ఒకటి... రెండు... అయిదు... పది... ఆరలే. అర్రంత తెల్లగ ఎలుగు. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగక, కండ్లల్లకెల్లి బయటికొస్తున్న లక్ష్మీకాంతమ్మ.

ఏడ్పు బందైంది.

టీక్యా ఎనకకు తిరిగి చూసిండు. కిటికి అవుతల... తెల్లగ... ఒక ఆకారం. ఊసలు పట్టుకోని, లోపటికే చూసుకుంట...

"అమ్మో!"

"నేనేరా," అన్నది ఆకారం. గోపాల్ సేటు. తెల్ల ధోతి, తెల్ల పంచ.

"భయమన్నవు గద సేటు!"

"రోజు ఇక్కడనే నిలవడుతరా. కరెంటు వచ్చినప్పుడు ఒక్క సెకండు కనపడేది. కొట్టుకుంటున్నట్టు కనపడి పోయేది. నాకు సెకండు సుఖం... ఆమెకెంత కష్టమో అని..." ముక్కు చీదిండు. "రేపటిసంది కనపడకున్నా మంచిదే, ఇడిపిద్దామనుకున్న."

అప్పటికప్పుడే జనగామకు ఫోన్ చేసిండ్రు. అక్షర ఏడుపందుకున్నది. "సెల్లుల ఫొటో దింపి తెరకు పెట్టింది నేనే. బాపమ్మ ఒట్టేయించుకున్నది తాతా. 'మీ తాతకు చెప్పకు, నలభై ఏండ్లు ఒద్దని ఇప్పుడు దిగిందని ఎక్కిరిస్తడు' అన్నది. రోజు తానే చూసుకునేది. తెర చచ్చిపోయిందంటే ఫొటో గూడ పోయిందనుకున్న. లేని ఫొటో ముచ్చట చెప్పి నిన్నేం ఏడిపియ్యాలె అని..."

సేటు తెర దగ్గరికి పోయిండు. "ఎక్కిరిస్తనే," అన్నడు. "ఎక్కిరియ్యక ఇడుస్తనా?"

తెల్లారి కాళేశ్వరానికి అస్తికల కుండ ఒక్కటే పోయింది. మేకు మీది దండ తెర మీదికి వచ్చింది. "సేటు, తడి పూలు ఒద్దు, మళ్ల కాలుతది!" అని టీక్యా లొల్లిపెడితే కాయితపు పూలు వేసిండు.

ఈ ముచ్చట టీక్యా ఎన్నిమాట్ల చెప్పిండో లెక్కలేదు. బల్ల కింద పడ్డది మాత్రం ఎన్నడు చెప్పలే. అది కిటికిలకెల్లి చూసింది సేటు ఒక్కడే. సేటు గూడ నోరు ఇప్పలే, మొన్నటి దాంక.

మొన్న టీక్యా దినాలు. పోయి పన్నెండొద్దులాయె. సేటు కర్ర పట్టుకోని తండకు వచ్చి, టీక్యా పెండ్లాం గంగి ముంగట కూసోని అంత చెప్పిండు: ఎట్ల పడ్డడు, ఎట్ల తుమ్మిండు, దెయ్యానికి ఏం విన్నవించుకున్నడు. పన్నెండొద్దులసంది మెతుకు ముట్టని గంగి ఏడ్సుకుంటనే పకపక నవ్వింది. తండోళ్లమంత నవ్వినం.

అప్పుడు... ఆయన సామాన్ల బల్ల ఉన్న చీకటి మూలకెల్లి...

హాచ్చి!

నవ్వులు బందైనయి. సేటు సెల్లు టార్చి కొట్టిండు. మూల ఎవ్వలు లేరు. ఇంట్ల ఒక్క మిరపకాయ గూడ లేదు.

హాచ్చి!

గంగి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. రెండో వేలు ముడిచింది.

ఎవ్వలం కదల్లే. ఆ మూల దిక్కే చూసుకుంట కూసున్నం...

ఇంక కూసునే ఉన్నం.