రెంటచింతల నుంచి వచ్చిన లాప్‌టాప్

మే నెలలో మాచర్ల ఎండలో మధ్యాహ్నం రెండింటికి బయటికొచ్చే మనిషికి గట్టి కోపమైనా ఉండాలి, గట్టి అవసరమైనా ఉండాలి. దయామణికి రెండూ ఉన్నాయి.

బస్టాండు పక్కనే నా కంప్యూటర్ రిపేరు షాపు. ఆమె రెంటచింతల బస్సు దిగి నేరుగా వచ్చి, లాప్‌టాప్‌ని నా బల్ల మీద పెట్టింది. పాతదైపోయి నత్తనడక నడుస్తోందంటే, వారం క్రితం నేనే విండోస్ తీసేసి దాంట్లో లినక్స్ వేసిచ్చాను.

"మాట వినపడితే మైకు పనిచేయట్లా. మైకు పనిచేస్తే మాట వినపడట్లా. ఏంది సుమంత్‌గారూ ఇది?"

నాలుగింటికి ఆమెకు ఆన్‌లైన్‌లో వాయిస్ టెస్టు. చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చేసే ఉద్యోగం, ఇంటి నుంచే పని. ఊళ్లో చర్చిలో ప్రతి ఆదివారం బైబిలు చదివేది ఆమేనట. మూడు నెలలుగా ఈ టెస్టు కోసమే ఎదురుచూస్తోందట. ఇవన్నీ చెబుతున్నంతసేపూ ఆమె చూసిన చూపుకంటే బయటి ఎండే నయమనిపించింది.

తెరిచి చూస్తే తప్పు నాదే. సౌండు నడిపే సాఫ్ట్‌వేర్లు రెండు వేసిపెట్టాను. పాతది పల్స్‌ఆడియో, కొత్తది పైప్‌వైర్. ఉన్నదేమో ఒక్క సౌండుకార్డు. ముందు లేచింది దాన్ని పట్టేసుకుంటోంది, రెండోది వాకిట్లో నిలబడిపోతోంది.

రెండెందుకు వేశారని అడిగింది. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని అన్నాను. మా అమ్మ వడ్డన అలవాటు నాకూ వచ్చింది, ఒకటి చాలన్నా విస్తట్లో రెండు పడాల్సిందే.

"ఒక ఒరలో రెండు కత్తులు పెట్టి, పైగా మర్యాద చేశానంటారు," అంది.

పౌరుషం పొడుచుకొచ్చి, పాతదాన్ని తీసేయమని కమాండు కొట్టాను. స్క్రీను నిండా సాఫ్ట్‌వేర్ల పేర్లు వచ్చాయి. కిందన, ఇవన్నీ తీసేయమంటావా అన్న ప్రశ్న. నేను అవునని వై నొక్కబోతుంటే ఆమె కీబోర్డుకి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇదంతా చదివారా?"

"ఎవరూ చదవరండి."

"నేను చదువుతా."

నిజంగానే చదివింది. ఒక్కో పేరూ, తొందర లేకుండా, చర్చిలో చదివినట్టే. పదహారో పేరు దగ్గర ఆగింది. పాతదానితో పాటు డెస్క్‌టాప్ కూడా పోతుందని అక్కడ ఉంది. నేను నొక్కి ఉంటే నాలుగింటికి నల్ల స్క్రీనే మిగిలేది. నిజం చెప్పొద్దూ, గుండె జారాల్సిన ఆ క్షణంలో కూడా, పదిహేడో పేరు ఎప్పుడు చదువుతుందా అని చూస్తున్నాను.

వద్దని కొట్టి దారి మార్చాను. పాతదాని పనంతా తన మీద వేసుకునే పైప్‌వైర్ ప్యాకేజీ ఒకటుంది. అది వేస్తే పాతదాన్ని ఒక్కదాన్నే తప్పించి ఆ చోట్లో కూర్చుంటుంది. ఈసారి జాబితా ఇద్దరం కలిసి చదివాం. రీస్టార్ట్ చేశాక మైకూ పలికింది, హెడ్‌ఫోనూ పలికింది. అప్పటికి మూడూ నలభై.

ఇంటికి వెళ్లే టైము లేదు. ఆమెను షాపులోనే కూర్చోబెట్టి, ఫ్యాను ఆపేసి, ఆటోల మోత లోపలికి రాకుండా షట్టరు దించాను. నేను బయట మెట్టు మీద ఎండలో కాపలా కూర్చుని, వచ్చినవాళ్లందరినీ నోటి మీద వేలేసి పంపించాను.

అరగంటకి షట్టరు లేచింది. చెమటతో ముద్దయిపోయి ఉంది, అయినా నవ్వుతోంది. నా మొహం చూసి లోపల్నించి మంచినీళ్ల సీసా తెచ్చిచ్చింది.

"ఇంక దీనికి రిపేరు రాదండి," అన్నాను. అక్కడితో ఆగి ఉంటే మర్యాదగా ఉండేది. ఆగలేదు. "చిన్న తప్పు ఒకటి ఉంచితే మళ్లీ వస్తారు గదా అనుకున్నా. మనసొప్పలా. కానీ మీరు మళ్లీ రావాలని చానా ఉంది."

ఆమె లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. పది రోజులు, రెంటచింతల నుంచి వచ్చిన ప్రతి బస్సుకీ తలెత్తి చూస్తూ, పని చెడగొట్టుకుంటూ గడిపాను.

పదకొండో రోజు వచ్చింది. చేతిలో సంచి లేదు. ఉద్యోగం వచ్చిందని చెప్పింది. సంతోషం పట్టలేక, ఇంట్లో ఏమన్నారని అడిగాను.

"ఇంకా చెప్పలా," అంది. "మెసేజ్ చూడగానే బస్సెక్కా."