కొంచెం జరుగుతారా అండీ

మా నాన్నకి హాస్టలు చూడడమంటే పెళ్లిసంబంధం చూడడంతో సమానం. గోడలు తట్టి చూస్తాడు. నూతిలో నీళ్లు తోడించి నోట్లో పోసుకుని చూస్తాడు. వంటగదిలోకి తలదూర్చి పప్పులో గరిటె తిప్పి చూస్తాడు. ఇంటర్ పాసై రాజమండ్రిలో డిగ్రీ సీటు వచ్చిందని నేను గాల్లో తేలుతుంటే, ఆయన మాత్రం పొద్దుటి నుంచి నన్ను ఎండలో తిప్పుతూ ప్రతి హాస్టలుకీ ఒక వంక పెడుతున్నాడు. ఒకటి సినిమాహాలు వెనక ఉంది, అంచేత వద్దు. ఇంకోదాంట్లో వార్డెను మరీ గట్టిగా నవ్వింది, అంచేత వద్దు. ఆ తరవాతదానికి పెరటిగోడ పొట్టిగా ఉందట.

"దూకేది దొంగేగా నాన్నా, నేను కాదుగా" అన్నాను విసిగిపోయి.

"ఎవరు దూకినా పొట్టిగోడ పొట్టిగోడేనే అమ్మలూ" అన్నాడు.

అది తొంభై ఎనిమిది జూలై. నాన్న పేరు గంగరాజు. మాది గోదారి మధ్య లంక ఊరు. నావలో దాటితే గానీ మాకు బస్సు కనపడదు, రోజూ వెళ్లొచ్చి చదువుకునే వీలు లేదు. అందుకే బయల్దేరే ముందే నాన్న మాట తేల్చేశాడు. "హాస్టలు కుదిరితే చదువు. కుదిరాక నీకు పడకపోతే పెట్టె సర్దుకుని వచ్చెయ్. ఇంట్లో కూర్చుని పరీక్షలు ప్రైవేటుగా కట్టుకుందువు గాని. మళ్లీ మాత్రం పంపను." ఆయన ఒకసారి అన్నాక అన్నట్టే. అందుకని నేనూ ఒకటి తేల్చుకున్నాను. ఏ హాస్టలైనా సరే, అందులో పాములు తిరుగుతున్నా సరే, బ్రహ్మాండంగా ఉందనే చెప్పాలి.

చివరికి ధవళేశ్వరంలో లాకుల దగ్గర, కాలవగట్టు మీద ఒక పాత మేడ ఆయనకి నచ్చింది. సత్యకుమారి గారని రిటైరైన టీచరమ్మ నడిపే ఆడపిల్లల హాస్టలు అది. పెరటిగోడ ఎత్తుగా ఉంది. నూతినీళ్లు తియ్యగా ఉన్నాయి. ఆవిడ అసలు నవ్వనే లేదు.

మేడ మీద పొడుగాటి గది, వరసగా మంచాలు. "ఖాళీగా ఉన్నదాని మీద తువ్వాలు వేసుకోండి. వేశాక ఆ మంచం ఆ పిల్లదే. ఇక్కడ తగువులుండవండి" అన్నారు సత్యకుమారి గారు.

నాన్న మొహం వెలిగిపోయింది. తువ్వాలు వెయ్యడంలో ఆయనతో పోటీపడేవాడు రావులపాలెం బస్టాండులోనే లేడు. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి విసిరాడంటే అది డ్రైవరు వెనక సీట్లో పడాల్సిందే. ఆ తరవాత ఎవరైనా అందులో కూర్చుంటే ఊరుకునే మనిషి కాదు.

గదిలో అన్నిటికన్నా మంచి మంచం కిటికీ పక్కది. పక్కనే కాలవ, చల్లటి గాలి. కానీ దాని మీద అప్పటికే ఒక నీలంగళ్ల రుమాలు పరిచి ఉంది.

"ఎవరో వేసుకున్నారు నాన్నా" అన్నాను.

సత్యకుమారి గారు గుమ్మంలోనే నిలబడి ఎటో చూస్తూ, "అది పోయినేడాది ఒక పిల్ల వేసిందండి. రాలేదు" అన్నారు.

"ఏడాదైనా రాలేదా! బస్సు కదిలాక రుమాలు చెల్లదండి" అని నవ్వుతూ నాన్న దాన్ని రెండు వేళ్లతో పైకెత్తాడు. ఎత్తి, ఆగాడు. "ఇదేంటండి, తడిగా ఉంది?"

"జల్లు కొట్టుంటుంది లెండి" అన్నారావిడ.

నేను కిటికీ వంక చూశాను. తలుపులు బిగించి ఉన్నాయి. కింద పరుపు మీద వేలితో రాస్తే గీత పడేటంత దుమ్ము ఉంది. రుమాలు మాత్రం పిండితే నీళ్లు కారేలా ఉంది. నేను నోరు మూసుకున్నాను. వంక దొరికితే నాన్న నన్ను మళ్లీ నావ ఎక్కించేస్తాడు. ఆయన రుమాలుని గూట్లో పడేసి, భుజం మీది కండువా తీసి మంచం మీద పరిచాడు. "ఇది మా సుప్రియది" అన్నాడు ఎవరితోనో చెబుతున్నట్టు, కొంచెం గట్టిగా.

మొదట్లో ఏమీ లేదు. కాలేజీ బావుంది, పప్పు నీళ్లలా ఉంది, ఇంటిమీద బెంగ అందరికీ ఉన్నట్టే నాకూ ఉంది. పక్క మంచం ఉమాశ్రీది. పెనుగొండ అమ్మాయి, రెండో సంవత్సరం. నన్ను బాగా చూసుకునేది. నేను ఉమక్కా అనేదాన్ని.

శనివారం వచ్చేసరికి వాన పట్టుకుంది. గోదారి ఎర్రగా పొంగుతోందని, లంకల రేవులన్నీ ఆపేశారని కబురు వచ్చింది. మిగతా పిల్లలందరూ ఊళ్లకి వెళ్లిపోయారు. నాకు వెళ్లే దారి లేదు. ఉమక్క రికార్డు రాసుకోవాలని ఉండిపోయింది.

దీపాలవేళ కరెంటు పోయింది. ఉమక్క లాంతరు తెస్తానని కిందికి వెళ్లింది. నేను కిటికీ వైపు తిరిగి పడుకున్నాను. గదిలో చీకటి మెల్లిగా చిక్కబడుతోంది. లాకుల దగ్గర నీళ్ల హోరు. కప్పల అరుపులు. ఎక్కణ్ణించో ఒండ్రుమట్టి వాసన, వరద తీశాక మా రేవులో వచ్చే వాసన. ఇల్లు గుర్తొచ్చి కళ్లు మూసుకున్నాను.

"కొంచెం జరుగుతారా అండీ."

మెత్తటి గొంతు. నేను జరిగాను. ఆలోచించి జరగలేదు. బస్సులో నిద్రపోతున్నా సరే ఆ మాట వింటే మన ఒళ్లు దానంతటదే జరుగుతుంది. మంచం కిర్రుమంది. వెనక ఎవరో సర్దుకుని పడుకున్నారు. ఉమక్క నన్ను అండీ అనడం వేళాకోళానికే అనుకున్నాను.

"కాళ్లు తుడుచుకుని ఎక్కొచ్చు కదక్కా. అంతా తడిపేస్తున్నావు" అన్నాను.

వీపుకి చల్లగా తగులుతోంది. ఆ చలి జాకెట్టులోంచి లోపలికి దిగుతోంది. ఊపిరి వినపడుతుందేమోనని చూశాను... వినపడలేదు.

మెట్ల మీద వెలుతురు కదిలింది. ఉమక్క లాంతరు పట్టుకుని గదిలోకి వచ్చింది.

"ఎవరితో మాట్లాడుతున్నావే?" అంది.

నేను మంచం మీద నుంచి ఎలా దూకానో నాకే తెలీదు. ఉమక్క లాంతరు దగ్గరికి తెచ్చి చూసింది. నేను పడుకున్న సగం పొడిగా ఉంది. రెండో సగం తడిసి నల్లగా ఉంది.

"నీకు చెప్పకూడదనుకున్నాను" అంది గొంతు తగ్గించి. "ఆ రుమాలు వేసిన పిల్ల పేరు రత్నమాణిక్యం. మీలాగే లంకవాళ్లు. నాన్నతో వచ్చి చోటు చూసుకుంది. పెట్టె తెచ్చుకుంటానని వెళ్లింది. దారిలో నావ తిరగబడింది. వాళ్ల నాన్న దొరికాడు. ఆ పిల్ల... దొరకలేదు. ఇంటికీ చేరలేదు, ఇక్కడికీ చేరలేదు. రుమాలు తియ్యడానికి మేడమ్‌కి మనసొప్పలేదు."

"మరి మా నాన్న తీస్తుంటే ఆవిడ చెప్పలేదే!"

"ఏమని చెబుతారు? నువ్వు మీవాళ్లకి ఫోన్ చేసి వెళ్లిపో సుప్రియా."

వెళ్లిపోవడమంటే ఏంటో ఉమక్కకి తెలీదు. నాకు తెలుసు. పొయ్యి ముందు కూర్చుని, తీరిక దొరికితే పుస్తకం తియ్యడం. భయం ఎంత ఉందో, ఏడుపూ అంతే వచ్చింది. "నేను వెళ్లను" అన్నాను. ఆ రాత్రి ఇద్దరం ఆమె మంచం మీదే, లాంతరు తగ్గించకుండా గడిపాం.

ఆదివారం మధ్యాహ్నం ఉమక్క అన్నయ్య వచ్చి, వరద ఎక్కువవుతోందని ఆమెని తీసుకుపోయాడు. నన్నూ రమ్మన్నారు. కొత్తవాళ్లింటికి వెళ్లానని తెలిస్తే నాన్న ఊరుకోడు. సత్యకుమారి గారు నా మొహం వంక చూశారు. "చీకటి పడకముందే పక్కబట్టలు తెచ్చుకో. నా గదిలో పడుకుందువు గాని" అన్నారు, అంతే.

వాన మబ్బుకి సాయంత్రమే చీకటైంది. పైకి వెళ్లాను. దుప్పటి తీసుకుని వచ్చెయ్యడమే కదా అనుకున్నాను. మంచం అంచున కూర్చుని గబగబా మడత పెడుతున్నాను. ఒండ్రు వాసన వచ్చింది.

"కొంచెం జరుగుతారా అండీ."

జరిగాను. పాడు అలవాటు.

పక్కన మంచం కుంగింది. తలతిప్పి చూడలేదు. చూడగూడదనుకున్నాను.

"ఇంకొంచెం..."

జరిగాను. లేచి పరిగెత్తడం చేతకావడం లేదు. జరగడం మాత్రం చేతనవుతోంది.

"ఇంకొంచెం అండీ..."

వీపు కిటికీ ఊచలకి తగిలింది. ఊచల అవతల కాలవ. ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతూ గట్టు అంచు దాకా వచ్చేశాయి. ఇంక జరగడానికి చోటు లేదు. నా చేతి పక్కన, దుప్పటి మీద... ఇంకో చెయ్యి ఉంది. నీళ్లలో నానిన వేళ్లు ముడతలు పడి తెల్లగా ఉన్నాయి.

అప్పుడు నాకు కోపం వచ్చింది. భయం అంచు దాకా వెళితే కోపంగా మారుతుందేమో. ఎంత తిరిగాం! ఎంతమంది గోడలు తట్టాం! ఎంత బతిమాలితే నాన్న ఒప్పుకున్నాడు!

"నేను జరగను" అన్నాను. గొంతు కీచుగా వచ్చింది. "ఇది నా మంచం. నేను ఇక్కడే ఉంటాను. ఇక్కడే చదువుకుంటాను."

తరవాత ఆ గొంతు మళ్లీ, ఎంతో మర్యాదగా, బస్సులో కొత్తమనిషి సీటు చూపించి అడిగినట్టు అడిగింది.

"సరేనండి. అయితే... మీ ఇంట్లో మీ చోట ఎవరైనా ఉన్నారాండీ?"

"ఎవరూ లేరు!" అని అరిచాను.

మంచం తేలికపడింది.

వాసన పోయింది. కాసేపటికి కరెంటు వచ్చింది. చేత్తో తడిమి చూశాను. నిన్నటి నుంచి తడిసి ఉన్న పరుపు పొడిగా, వెచ్చగా ఉంది. సత్యకుమారి గారు పైకొచ్చి చూసేసరికి నేను నవ్వుతున్నానట. గెలిచాననే అనుకున్నాను. ఆ తరవాత రోజుల్లో కిటికీ పక్క మంచం మీద హాయిగా నిద్రపోయాను. పిల్లలు తిరిగొచ్చారు. క్లాసులు మొదలయ్యాయి. ఉమక్క మాత్రం నన్ను వింతగా చూసేది.

వాన తెరిపిచ్చాక ఇంటికి ఫోన్ చేద్దామని లాకుల దగ్గర ఎస్టీడీ బూతుకి వెళ్లాను. మా ఊళ్లో ఫోన్ ప్రెసిడెంటు గారింట్లో ఉంది. వాళ్లు కబురు పెడితే అమ్మ వస్తుంది. ప్రెసిడెంటు గారి భార్య ఎత్తితే "గంగరాజు గారి సుప్రియనండి" అన్నాను. "సుప్రియవా?" అందావిడ. "ఉండు, వాళ్లని పిలిపిస్తాను. మళ్లీ చెయ్యి" అని పెట్టేసింది.

మళ్లీ చేస్తే అమ్మ ఎత్తింది.

"ఎవరమ్మా?"

"నేనేనమ్మా, సుప్రియని."

"మా సుప్రియ ఇదిగో నా పక్కనే ఉందమ్మా. హాస్టలు పడలేదని ఆదివారం సందెవేళ తడిసి ముద్దై వచ్చేసింది. నువ్వెవరివి?"

రిసీవరు రెండు చేతులా పట్టుకున్నాను. "అమ్మా, శనివారమే రేవు ఆపేశారు. నావ లేకుండా నేనెలా వస్తాను? ఎలా వచ్చిందో అడిగారా?"

అమ్మ గొంతు తగ్గింది. చెయ్యి అడ్డుపెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. "మీ నాన్న అడిగారు" అంది. మీ నాన్న అంది! నా ప్రాణం లేచొచ్చింది. "ఏమీ చెప్పలేదు. ఇంట్లో ఉన్నంతసేపూ పొయ్యి దగ్గర నుంచి కదలదు, చలి చలి అంటుంది... అమ్మలూ, నువ్వు..."

మాట తెగింది. రిసీవరు చేతులు మారిన చప్పుడు. అవతల ఊపిరి వినపడలేదు. తరవాత ఆ మెత్తటి గొంతు అంది.

"నేను బాగానే చేరానండి. మీరు నిశ్చింతగా చదువుకోండి."

"అమ్మకి ఇవ్వు" అన్నాను. "మా అమ్మకి ఇవ్వు!"

దూరంగా చెప్పుల చప్పుడు. నాన్న వచ్చినట్టున్నాడు. "ఎవరే అమ్మలూ ఫోన్లో?" అన్నాడు. నన్ను తప్ప ఎవరినీ ఆయన అలా పిలవడు.

"ఎవరో పాపం నాన్నా" అంది. ఈసారి ఆ గొంతు నాదే, ఎక్కడా తేడా లేదు. "మనింట్లో చోటుందా అని అడుగుతున్నారు."

"లేదని చెప్పమ్మా" అన్నాడు నాన్న.