చేరగానే ఒక మిస్డ్ కాల్

వాన తప్పించుకుంటూ నాచారం బస్టాపు షెడ్డు కిందికి దూరిన ఆమని, పక్కనున్న కుర్రాడి కాలు తొక్కింది.

"అబ్బా! జర సూసుకొని రా తల్లీ!"

"సారీ అండీ. మీ ఫోన్ ఒకసారి ఇస్తారా? నాది తడిసి చచ్చింది. నాన్నకి మిస్డ్ కాల్ ఇవ్వాలి."

ఆ కుర్రాడు, రంజిత్, నవ్వాడు. "కాలు తొక్కి, ఫోన్ గూడ అడుగుతున్నవా? మాట్లాడుకో, బ్యాలెన్స్ మస్తున్నది."

"మాట్లాడితే ఏదో అయిందని కంగారుపడతారు. ఒక్క రింగిస్తేనే నేను చేరినట్టు."

రింగిచ్చి, ఫోన్ అతని చేతిలో పెట్టి ఆఫీసుకు పరుగెత్తింది. కొత్త నంబరు చూసి ఆమె నాన్న మరుక్షణమే తిరిగి చేశాడు.

"ఎవరు నువ్వు? మా అమ్మాయేదీ?"

"ఎల్లిపోయింది సార్..."

"ఎక్కడికి వెళ్లిపోయింది?"

ఆ గొంతులోని కంగారుకు రంజిత్ నవ్వు ఆగిపోయింది. మందుల ఫ్యాక్టరీలో షిఫ్టుకు ఆలస్యమవుతున్నా, వానలో ఆమని వెనకాలే పరుగెత్తి ఫోన్ ఆమె చెవికి ఆనించాడు.

ఆ తర్వాత బస్టాపులో రోజూ కలిశారు. ఆమని తన చిన్నప్పటి సంగతి చెప్పింది. అమ్మ బజారుకు వెళ్లొస్తానని గుమ్మం దాటింది. ఉప్పల్ రోడ్డు మీద లారీ గుద్దడంతో తిరిగి రాలేదు. అప్పటినుంచి నాన్న వెంకటరామయ్య, కూతురెక్కిన బస్సు మలుపు తిరిగేదాకా కదలడు.

"నీకైతే అడిగేటోళ్లున్నరు," అన్నాడు రంజిత్. "నాకు అమ్మానాయిన ఇద్దరు లేరు. నేను చేరిన్నో లేదో ఎవరికి ఫికర్?"

శ్రావణంలో ఒక సాయంత్రం అతను బోడుప్పల్‌లోని వాళ్లింటికి వచ్చి, ఆమనిని పెళ్లి చేసుకుంటానని అడిగాడు. వెంకటరామయ్య కాఫీ ఇచ్చాడు. మాట మాత్రం ఇవ్వలేదు.

"షిఫ్టులంటున్నావు, బైకంటున్నావు. నువ్వొచ్చేదాకా మా అమ్మాయి కిటికీ పట్టుకుని నిలబడాలా? నా బతుకు దానికొద్దు బాబూ."

రంజిత్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "పోయొస్త సార్," అని లేచాడు. బైకు చప్పుడు సందు దాటకముందే వాన అందుకుంది.

ఆమని కన్నీళ్లు తుడుచుకుంది. "మీరు ఎదురుచూస్తారనే నేను రోడ్డు జాగ్రత్తగా దాటుతాను నాన్నా. అతనికి ఎవరున్నారు?"

ఆయన బాల్కనీలోకి వెళ్లాడు, లోపలికొచ్చాడు, మళ్లీ వెళ్లాడు.

"అతని రూము ఎక్కడన్నావు?"

"చిల్కానగర్."

"ఈపాటికి చేరి ఉండాలి కదా?"

మొదటి రోజు రింగొచ్చిన నంబరును ఆయన 'వానబ్బాయి' అని దాచుకునే ఉన్నాడు. నొక్కాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ నొక్కాడు. ఎత్తలేదు. గొడుగు, స్కూటరు తాళం తీసుకుని మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది.

"సార్, బండి మీదుంటి. గిప్పుడే రూముకొచ్చిన. ఏమైంది? ఆమని మంచిగున్నదా?"

వెంకటరామయ్య గొడుగు పక్కన పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు. "దానికేం కాలేదు. నువ్వు చేరావో లేదోనని."

అవతల వాన చప్పుడొక్కటే వినబడింది.

"బాబూ, ఉన్నావా?"

"ఉన్న సార్..."

"చేరగానే ఒక రింగివ్వాలని తెలీదూ? రేపట్నుంచి మర్చిపోకు. ఇంకా సారేమిటి? మామయ్యా అను."

పైమెట్టు మీద ఆమని ఏడుస్తూ నవ్వింది.

మర్నాడు ఉదయం, ఆమనిని బస్సెక్కించిన ఉప్పల్ బస్టాపులోనే వెంకటరామయ్య ఫోన్ ఒకసారి మోగి ఆగింది. ఆమని చేరింది. ఆయన ఫోన్ జేబులో పెట్టలేదు. అటూ ఇటూ తిరుగుతూ, దాన్నే చూస్తూ ఉన్నాడు. అది ఇంకోసారి మోగి ఆగాకే స్కూటరు స్టార్ట్ చేశాడు.