పాండురంగ గారి గరాజ్‌లో బ్రేకు తొక్కిందెవరు?

కెనడాలోని హామిల్టన్‌లో, కొండ మీద, పాండురంగ గారి ఇంటి వెనక ఒక పాత గరాజ్ ఉంది. పొద్దుగూకితే దాని వైపు ఎవరూ పోరు.

ఆ ఇల్లు అంతకుముందు స్టీలు ఫ్యాక్టరీలో పనిచేసిన ఓ ముసలాయనదట. ఆయన ఆ గరాజ్‌లోనే బండి కింద పడుకుని రిపేరు చేస్తూ చేస్తూ... అలాగే ఉండిపోయాడట. చీకటి పడ్డాక లోపల్నుంచి నిట్టూర్పులు వినిపిస్తాయట. ఈ సంగతి చెప్పింది ఓనరు పాండురంగ గారే. చెప్పేటప్పుడు ఆయన గొంతు వణికేది కూడా.

బేస్‌మెంట్‌లో అద్దెకుండే యెహెజ్కేలు మాత్రం నవ్వేసేవాడు. ప్రార్థన చేసుకునే మనిషికి దెయ్యాలేమిటని.

అతనికో పాతికేళ్ళ నాటి జీపు ఉంది. కొండలూ గుట్టలూ ఎక్కుతుందని ముచ్చటపడి కొన్నాడు. చలికాలాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు దాని బ్రేకు పైపుల్ని చీమలు తిన్నట్టు తినేసింది. మొన్న ఆదివారం చర్చికి వెళ్తూ కొండ దిగుతుంటే బ్రేకు సర్రున కిందిదాకా దిగిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగి, పక్కనున్న మంచుకుప్పలోకి తిప్పాడు కాబట్టి సరిపోయింది. పక్కసీట్లో ఉన్న భార్య రూపవతి కిందికి దిగి, కోటు మీద మంచు దులుపుకుని, ఒకే మాట అంది.

"ఇంకోసారి ఈ బండెక్కితే నా పేరు రూపవతి కాదు."

బండి అమ్మేద్దామంటే బ్రేకుల్లేని జీపుని ఎవరు కొంటారు? పైగా రేపు పొద్దున ఆరింటికి హాస్పిటల్లో డ్యూటీ. ఆ వేళకి బస్సు లేదు. ఇప్పటికే రెండుసార్లు లేటు... మూడోసారైతే పిలిచి మాట్లాడతామన్నారు.

అందుకని రెండు రోజులు సెలవు పెట్టి జీపు కింద దూరాడు. తుప్పు పైపులు కోసి పారేశాడు. కొత్త రాగి పైపులు ఒంపులు తిప్పి, చివర్లు విప్పార్చి, నట్లు బిగించాడు. ఇక మిగిలింది ఒక్కటే. పైపుల్లోంచి గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన కూర్చుని బ్రేకు తొక్కుతుంటే, ఇంకొకరు కింద చక్రం దగ్గర స్క్రూ విప్పి బిగించాలి.

సాయంత్రం అయిదైంది. చలికాలం కదా, బయట అప్పటికే చిమ్మచీకటి. యెహెజ్కేలు బేస్‌మెంట్‌కి వెళ్ళి బతిమాలాడు.

"పది నిమిషాలు రావే. తొక్కమన్నప్పుడు తొక్కితే చాలు."

"చీకటి పడ్డాక ఆ గరాజ్‌లోకా? నేను రాను. ఆ దెయ్యాన్నే తొక్కమనండి," అని రూపవతి పొయ్యి వైపు తిరిగింది.

ఒక్కడే వెనక్కి వచ్చాడు. తలుపు తోశాడు. కిర్ర్...

తను వేసి వెళ్ళిన లైటు ఆరిపోయి ఉంది.

చలికి బల్బు పోయుంటుందిలే, అని సర్దిచెప్పుకున్నాడు. నుదుటి లైటు వెలిగించి, చక్రాలకు పెట్టిన ఇటుకలు సరిచూసుకుని, వెనక నుంచి జీపు కిందికి పాకాడు. స్క్రూ వదులు చేసి పెడితే ఆయిలు దానంతటదే కారుతుందని ఏదో వీడియోలో చూశాడు. చూద్దామనుకున్నాడు.

ఒక చుక్క... చాలాసేపటికి ఇంకో చుక్క...

"ఎవరైనా ఒక్కసారి తొక్కితే బాగుండు దేవుడా..." అని గొణుక్కున్నాడు.

పైన పెడలు కిర్రుమంది. చేతి మీద ఆయిలు జివ్వున చిమ్మింది.

యెహెజ్కేలు తల తిప్పి చూశాడు. జీపు చుట్టూ ఒక్క పాదం లేదు. సిమెంటు నేల, అంతే.

"ప...ట్టు..." అన్నాడు, గుసగుసగా.

పెడలు అలాగే ఉండిపోయింది. స్క్రూ బిగించాడు.

"వ...దులు..."

వదిలింది!

పారిపోదామనుకున్నాడు. కానీ ఆలోచించగా... అది చెప్పిన మాట వింటోంది. రూపవతి కూడా ఇంత శ్రద్ధగా తొక్కదు. రేపు ఆరింటి డ్యూటీ గుర్తొచ్చింది. కళ్ళు మూసి ప్రార్థన చేసుకుని, కిందకిందే రెండో చక్రానికి పాకాడు.

"తొక్కు..." తొక్కింది. "పట్టు..." పట్టింది.

మూడో చక్రం కూడా అయింది. భయం భయమే, పని పనే. "థాంక్సండీ," అని కూడా అన్నాడు. పైనుంచి దీర్ఘంగా ఒక నిట్టూర్పు...

నాలుగోది డ్రైవరు వైపు ముందు చక్రం. దాని దగ్గరికి పాకాడో లేదో, తుప్పుకి చిల్లుపడ్డ ఫ్లోరులోంచి ఏదో రాలి అతని ముక్కు మీద పడింది. జిగటగా ఉంది. వేలితో తీసి చూశాడు.

బూందీ. యాలకుల వాసన.

"దెయ్యం లడ్డూ తింటుందా?" అని పైకే అనేశాడు... ఈసారి గొణుగుడు కాదు, గట్టిగానే.

"అమ్మో!" అని పైనుంచి కేక. ఎవరో స్టీరింగు మీద పడ్డారు. హారను చెవులు చిల్లులు పడేలా మోగింది. యెహెజ్కేలు తల జీపుకి ఠంగున కొట్టుకుంది. బయటికి పాకి లైటు వేస్తే...

డ్రైవరు సీట్లో పాండురంగ గారు! కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ జోడించి, మూతి నిండా లడ్డూతో.

"నన్నొదిలెయ్ తాతా! నువ్వు చెప్పినట్టే తొక్కిన గదా!"

"అంకుల్, నేను... యెహెజ్కేలుని."

ఆయన ఒక కన్ను తెరిచారు. "నువ్వు పని ముగించి పోయినవ్ కదా బిడ్డా?" అని, నీరసంగా సీటుకి చేరగిలబడ్డారు.

సంగతేమిటంటే, ఆయనకు షుగరు. ఆయన భార్య వాసంతి ఆంటీ ఇంట్లో స్వీటు ముక్క ముట్టనివ్వరు. పక్కూరు మిల్టన్‌లో ఎవరిదో గృహప్రవేశంలో ఇచ్చిన లడ్డూలు జేబులో వేసుకొచ్చి, లైటు ఆర్పేసి, జీపులో కూర్చున్నారు. తలుపు చప్పుడైతే ఆంటీయేమోనని కళ్ళు మూసుకుని ముడుచుకున్నారు. అంతలో కాళ్ళ కిందనుంచి తొక్కమని గొంతు!

"మరి ఆ ముసలాయన దెయ్యం?"

"ఎక్కడి దెయ్యం. ఇటు ఎవరూ రావొద్దని నేనే పుట్టించిన." ఆయన మూతి తుడుచుకున్నారు. "కానీ ఇయ్యాల నిజంగనే వచ్చిందనుకున్న. ఆంటీకి చెప్పకు, నీకు దండం పెడ్త."

"చెప్పను. ఇంకో చక్రం మిగిలింది, కూర్చోండి," అని యెహెజ్కేలు మళ్ళీ జీపు కిందికి దూరి, ఒక్క క్షణం ఆగి తల బయటపెట్టాడు.

"ఈసారి కాస్త మాట్లాడుతూ తొక్కండి అంకుల్."