చిన్నమ్మ చూడాల్సిన సినిమా

“కెమెరా బంద్ చెయ్!”

శాంసన్ ఉలిక్కిపడి తల ఎత్తాడు. కారుతున్న గొడుగును కర్రలా పట్టుకుని ఒక అమ్మాయి గుమ్మంలో నిలబడింది. ఆమె వెనుక వరంగల్ కొత్తవాడ సందులో వాన దంచుతోంది.

“సదానందం కాక పర్మిషన్ ఇచ్చిండు.”

“నేనియ్యలే. మా ఇంట్ల లొల్లి నీకు సినిమానా?”

మగ్గం మీదున్న సదానందం నవ్వాడు. “మా బిడ్డ నవత. జర కోపమెక్కువ.”

శాంసన్‌ది కాజీపేట. జనం తిట్టిన కళాకారుల మీద డాక్యుమెంటరీలు తీస్తాడు. సదానందం తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. మగ్గం పని పోయి, మంచం పట్టి చనిపోయిన తమ్ముడు రాజలింగు ముఖాన్ని ఆయన జంపఖానా మీద నేశాడు. హన్మకొండ ఎగ్జిబిషన్‌లో దాన్ని గోడకు కట్టలేదు, గుమ్మం ముందు పరిచాడు. ఎవరైనా తొక్కుకుంటూ లోపలికి రావాల్సిందే.

పేపర్లు మెచ్చుకున్నాయి. కొత్తవాడంతా ఉమ్మేసింది. రాజలింగు భార్య సోమక్క, భర్త ముఖం మీద చెప్పుల మట్టి చూసిన ఆ రోజు నుంచి బావతో మాట మానేసింది. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ.

తల్లి చిన్నప్పుడే పోతే నవతను పెంచింది ఆ సోమక్కే.

శాంసన్ వచ్చినప్పుడల్లా నవత ఏదో ఒకటి చేసేది. లైటు ప్లగ్ పీకేసేది. చక్కెర లేని చాయ్ ఇచ్చేది. అతను గుక్కలో తాగేసి “మస్తుంది” అనేవాడు. ఆమెకు ఒళ్లు మండేది, నవ్వూ వచ్చేది.

ఒకరోజు బస్టాప్‌లో వాన ఇద్దరినీ ఒకే రేకు కింద నిలబెట్టింది.

“నీకు వేరే పని లేదా?”

“ఉంది. నీ కోపం తగ్గాలె, అప్పుడు చేస్త.”

ఆమె నవ్వలేదు. “అందరు మా నాయిననే అడుగుతరు. చిన్నమ్మను ఎవ్వరడగరు. ఈ ఇంట్ల తింటే ఆమె మొకం ముడుస్తది, ఆ ఇంట్ల తింటే నాయిన తినడు. నేనేడ తినాలె?”

ఆమె ఎక్కిన బస్సు వెళ్లిపోయినా శాంసన్ రేకు కిందే నిలబడ్డాడు.

ఆ వారమే సదానందం కెమెరా ముందు చెప్పాడు. “లోకం మమ్ముల తొక్కుతాంది. అది చూపెట్టాలనుకున్న. కని సోమక్కను అడగలే. అడిగితే వద్దంటదని తెల్సు. అందుకే అడగలే.”

తలుపు చాటున ఉన్న నవత విన్నది. శాంసన్ బయటికి రాగానే పట్టుకుంది.

“ఈ మాట ముందుగాల చిన్నమ్మ వినాలె. ఢిల్లీ ఫెస్టివల్ వాళ్లు గాదు.”

“ఫెస్టివల్‌కు శుక్రవారమే లాస్ట్ డేట్. ఆమె చూడనంటే?”

“ఎవ్వరికీ చూపెట్టకు.”

“నా ఏడాది కష్టం, నవతా!”

“అది మా చిన్నమ్మ మొగుని మొకం, శాంసన్!”

శుక్రవారం శాంసన్ లాప్‌టాప్ తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. రైల్వే స్టేషన్ దాకా ఊరికే నడిచి వచ్చాడు. సినిమా మాత్రం పంపలేదు.

మరుసటి వారం లాప్‌టాప్‌తో సోమక్క అరుగు మీద కూర్చున్నాడు. “పో బిడ్డా” అందామె. వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. నవత చూసింది.

“పంపలేదా?”

“నువ్వు వద్దన్నవ్ గదా.”

“నేను శాన అంట. అన్నీ ఇంటవా?”

“చాయ్‌ల చక్కెర ఏస్తే ఇంట.”

నవత గబుక్కున మొహం తిప్పుకుని లోపలికి వెళ్లి సోమక్క చెయ్యి పట్టుకుంది. “చిన్నమ్మా, నా కోసం చూడు.”

సోమక్క చూసింది. బావ మాట దగ్గర “మళ్ల పెట్టు” అంది. విని, కొంగుతో కళ్లు తుడుచుకుని, వానలోనే పక్కింట్లోకి నడిచింది. సదానందం మగ్గం మీద నుంచి లేచాడు.

“అడిగితే కొట్లాడేదాన్ని బావా. కొట్లాడి, మళ్ల నేనే కూసోని నూలు కండెలు చుట్టి ఇచ్చేదాన్ని. నా మనిషి కాదా ఆయన?”

సదానందం పెద్దగా ఏడ్చాడు. పెట్టె అడుగు నుంచి జంపఖానా తీసి ఆమె చేతుల్లో పెట్టాడు. సోమక్క దాన్ని తన ఇంటి గోడకు కట్టించింది.

“సినిమా ఇంకేడికన్న పంపుకో బిడ్డా” అంది శాంసన్‌తో. “కని నా మాటలు గూడ పెట్టు.”

సోమక్క మాటలూ చేరాయి. సినిమా పూర్తయింది. శాంసన్ రావడం మాత్రం ఆగలేదు.

“ఇంకెందుకు వస్తాండు ఈ పిలగాడు?” అన్నాడు సదానందం.

శాంసన్ చేతిలోని కెమెరా కింద పెట్టాడు. “నవత కోసం, కాకా.”

మగ్గం ఆగింది. “మీది చర్చి ఇల్లు. వాడ మళ్ల తిడతది.”

“తిట్లు నీకు అలవాటే గద నాయినా” అంది నవత.

సదానందం కూతుర్ని చూశాడు, శాంసన్‌ను చూశాడు, గోడవతలికి గొంతెత్తాడు. “సోమక్కా! ఈసారి నిన్నడుగుతాన. ఏమంటవ్?”

“నన్నెందుకు? పిల్లనడుగు.”

“నేనెప్పుడో ఒప్పుకున్న చిన్నమ్మా!” నవత కూడా గట్టిగానే చెప్పింది. “ఈయనే కెమెరా పట్టుకోని తిరుగుతాండు, ఒక్కపారన్న అడగలే.”

శాంసన్ చెవులు ఎర్రబడ్డాయి. అవతల గిన్నెల చప్పుడైంది.

“అందరు ఇటే రాండ్రి” అంది సోమక్క. “అన్నం దించిన.”