వట్టి ఆసు

“పండ్లనొప్పికి బేస్తవారం బేస్తవారం ఆదోనికి పోతారేమే ఎవరైనా? నీ నోట్లో ఉండేవి ముప్పై రెండు పండ్లా, మూడు నూర్లా?”

అత్త ఈరమ్మ గొంతు వీధి దాకా లేచేసరికి, మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్న ఆమె కొడుకు శంకరన్న చెయ్యి ఆపేశాడు. ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో పొద్దున్నే ఒక మగ్గం ఆగితే పక్కింటివాళ్ళు చెవులు రిక్కించరూ! రాట్నం ముందు కూర్చున్న కోడలు తాయమ్మ లేవబోయి, నడుము పట్టేసి మళ్ళీ కూలబడింది. అది చూసి ఈరమ్మ మూతి తిప్పింది.

“సూడు నాయనా, సూడు! అడిగేసరికి నొప్పులొచ్చె!”

పెళ్ళయిన కొన్నాళ్ళకే మొదలైంది ఆ పాడు నొప్పి... మెడ, భుజాలు, నడుము, తొడలు... ఒక చోటని చెప్పడానికి లేదు. ఎంత పడుకున్నా నిద్రపోయినట్టుండదు. పొద్దున లేస్తే ఒళ్ళంతా రోకటితో దంచినట్టుంటుంది. ఆసుపత్రిలో రక్తం చూశారు, ఫోటోలు తీశారు, “ఏమీ లేదమ్మా, మనసు గట్టిగా ఉంచుకో” అన్నారు. తాయెత్తు కట్టినవాడు గాలి సోకిందన్నాడు. వీధివాళ్ళు సోమరితనమన్నారు. వాపు లేదు, జ్వరం లేదు, కట్టు లేదు... ఎవరికి ఏమని చూపిస్తుంది పిచ్చితల్లి! కోడలు రాట్నం మీద నూలు కండెలు చుట్టకపోతే మగ్గం ఎట్లా ఆడుతుంది? చిప్పగిరిలో ఈరమ్మ అన్న కూతురు ఒకతె ఉంది, ఒళ్ళు వంచి పని చేసే పిల్ల. తాయమ్మను పుట్టింటికి పంపేసి ఆ పిల్లను శంకరన్నకు చేసుకుందామన్న మాట ఆ ఇంట్లో అప్పటికే నలుగుతోంది.

“ఆ చీనా దేశపు పండ్ల డాక్టరు ఇంటి పెరటి తలుపులోంచి నువ్వు బయటికి వస్తాంటే పక్కింటి గోవిందన్న కండ్లారా చూసినాడంట! ఆయప్పతో నీకేం పని? సెప్పు!”

శంకరన్న మెల్లగా అన్నాడు. “నిజం చెప్పు తాయీ... నువ్వు ఏం చెప్పినా నమ్ముతా.”

కానీ ఆ మాట అంటూ అతడు భార్య మొహం చూడలేదు, గుంతలో తన పాదాలు చూసుకున్నాడు. నమ్మేవాడు అట్లా చూస్తాడా! తాయమ్మ గుండె అక్కడే సగం పగిలింది.

“డాక్టరుతో కాదు... వాళ్ళమ్మ దగ్గరికి పోతాండా...”

“ఏమిటికి?”

తాయమ్మ తల వంచుకుని రాట్నం తిప్పసాగింది. చెబితే ఆ ఇంట్లో తనకు చోటుండదని ఆమెకు తెలుసు.

ఈరమ్మ చెంగు దోపుకుంది. “నువ్వు చెప్పొద్దులే. నేనే వచ్చి సూస్తా. శంకరా, నువ్వు గూడా లెయ్. ఏమే, నీ పెట్టె సర్దుకో. ఆడ తప్పు కనపడిందా, ఆణ్ణించి ఆణ్ణే పత్తికొండ బస్సు ఎక్కిస్తా, మీ అమ్మగారింటికి పోదువు!”

ఎమర్జెన్సీ రోజులవి. అసలే అందరూ అందరినీ అనుమానంగా చూసే కాలం. చీనా యుద్ధం ముగిసి ఎన్నేళ్ళయినా, ఆదోనిలో ఆ చీనా డాక్టరు ఇంటి ముందు పోలీసాయన సైకిలు అప్పుడప్పుడూ ఆగుతూనే ఉండేది. ముగ్గురూ అక్కడికి చేరాక శంకరన్న గడప దగ్గర తటపటాయించి, వెనకబడి లోపలికొచ్చాడు. ఈరమ్మకు అట్లాంటి మొహమాటాలు లేవు. తిన్నగా లోపలికి వెళ్ళి తలుపు వెనక చూసింది, మంచం కింద చూసింది. డాక్టరు ముందుగదిలో ఎవరిదో పన్ను పీకుతున్నాడు. పెరట్లో నెరిసిన జుట్టుతో, పొట్టిగా, వాళ్ళమ్మ ఒక్కతే ఉంది.

“పంట్లాం ఏసుకున్న ముసిల్ది!” అని ఈరమ్మ ముక్కు మీద వేలేసుకుంది. ముసలమ్మ పాలు లేని టీ ఇస్తే వాసన చూసి కింద పెట్టేసింది. “తాగొద్దు శంకరా. మందు పెడతాంది.”

తాయమ్మ ఏడుస్తూనే చెప్పింది. దవడ నొప్పని మొదట డాక్టరు దగ్గరికే వచ్చింది. పళ్ళు బాగున్నాయి, ఏమీ లేదన్నాడు ఆయన. “మీరు గూడా ఏమీ లేదంటారా సామీ!” అని ఆమె భోరుమంటే లోపలి నుంచి ఈ ముసలమ్మ వచ్చింది. మెడ వెనక, భుజం మీద, మోచేతి దగ్గర బొటనవేలితో నొక్కి, “ఇక్కడ నొస్తుంది. ఝూట్ కాదు బేటీ, నిజం నొప్పి” అంది. నిజం నొప్పి! ఆ ఒక్క మాట కోసం ఎన్నాళ్ళు మొహం వాచిందో తాయమ్మ...

“మరి ఈడ ఏం చేస్తాండారు? చేసి సూపించు!” అని ఈరమ్మ గద్దించింది.

ఇక దాచి లాభం లేదు. తాయమ్మ పెట్టె కింద పెట్టి, కాళ్ళు ఎడంగా వేసి నిలబడింది. ఊపిరి తీసింది. చేతులు మెల్లగా లేచాయి. ఒంటి బరువు ఈ కాలి మీది నుంచి ఆ కాలి మీదికి జరుగుతుంటే, వాటితో పాటే చేతులు ఎడమకూ కుడికీ పోయి వచ్చాయి. తొందర లేదు, ఆగడం లేదు...

ఈరమ్మ మొహం పాలిపోయింది. “వట్టి ఆసు! ఓరి నాయనో, ఇది వట్టి ఆసు పోస్తాందిరో!”

బట్టలో నిలువు పోగులైన పడుగు కోసం దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పడమే ఆసు పోయడం. ఆ ఇంట్లో తరాల నాటి ఆనవాయితీ ఒకటుంది. నేసేవాడు కన్ను మూసిన నాడు అతని పెళ్ళాం మగ్గం ముందు నిలబడి, దారం లేకుండా వట్టి చేతులతో ఒక్కసారి ఆసు పోస్తుంది. మరెప్పుడూ ఆ ఇంటి ఆడవాళ్ళు వట్టి చేతులు అట్లా ఆడించరు.

“బతికుండే మొగుని ఎదురుగా! నా కొడుకు సావల్లనా నీకు?”

“అయ్యో అత్తా, అది కాదత్తా! మీరు ఇట్ల అంటారనే భయపడి దాస్తిని...” తాయమ్మ అత్త కాళ్ళ మీద పడిపోయింది.

ముసలమ్మకు ఏమీ అర్థం కాలేదు. శంకరన్న తనకు వచ్చిన ఉర్దూ కలిపి ఆ ఆనవాయితీ చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. “ఖాళీ కాదు. ఇది నొప్పికి చేసే కసరత్తు. మా ఊర్లో నేర్పేటోళ్ళు చెప్తారు, పట్టుగూడు నుంచి దారం తీసినట్టు చెయ్యి పోవాలని. జల్దీ లాగితే తెగుతుంది. ఆగితే చిక్కు పడుతుంది. దారం ఉంది.”

“కనపడని దారంతో ఎవరికి నేస్తావమ్మా, దయ్యాలకా?” అంది ఈరమ్మ.

ముసలమ్మ దగ్గరికొచ్చి ఈరమ్మ మెడ వెనక బొటనవేలితో నొక్కింది.

“అమ్మా!” ఈరమ్మ కేక పెట్టింది. ఆ వేలు భుజం మీదికి జరిగింది. మళ్ళీ కేక! ఆ చేతిని తోసేయబోయి, తోయలేక, ఈరమ్మ గోడకానుకుని నిలబడిపోయింది. ఎన్నడూ తడవని ఆ కళ్ళు జలజలా కారాయి.

“అమ్మా... నీకు గూడానా?” అన్నాడు శంకరన్న.

బస్టాండులో పత్తికొండ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. తాయమ్మ కళ్ళు తుడుచుకుని దాని వైపు నడిచింది. వెనక నుంచి ఈరమ్మ పెట్టె లాక్కుంది. “యాడికే? మన బస్సు అది.”

ఎమ్మిగనూరు బస్సు ఊరు దాటాక ఈరమ్మ నోరు విప్పింది. “నేను కోడలుగా వచ్చిన కొత్తలో మా అత్త నన్ను సోమరిదానా అనె. అని అని, నేనే నమ్మితి. నొప్పి కాదు, నా బుద్ధే మంచిది కాదనుకొంటి. నీది నిజమని ఒప్పుకొంటే నాది గూడా నిజమయితాది కదా తాయమ్మా! ఇన్నేండ్లు నోరు మూసుకొని ఏమిటికి మోసినట్టు నేను?”

తాయమ్మ ఆమె భుజం మీద తల వాల్చింది. అదీ నొప్పి పుట్టే భుజమేనని గుర్తొచ్చి చటుక్కున ఎత్తబోయింది. “ఉండనీ” అంది అత్త, ఆ తలను మళ్ళీ దగ్గరికి తీసుకుంటూ.

నొప్పి పోయిందా అంటే, పోలేదు. మర్నాడు పొద్దున కూడా తాయమ్మ గోడ పట్టుకునే లేచింది. కాకపోతే పెరట్లోకి ఈసారి దొంగలా వెళ్ళలేదు. చేతులు ఎత్తబోతుంటే ఈరమ్మ వచ్చి, కండె నుంచి తీసిన పోగును ఆమె రెండు చేతుల మధ్యా పట్టించింది.

“వట్టి చేతులు ఈ ఇంట్లో ఆడగూడదు. ఇది పట్టుకొని చెయ్యి. తెంపితివా, ఊరుకోను.” ఇంకో పోగు తీసి తను పట్టుకుంది. “నాకు గూడా నేర్పియ్యి. ఆ చీనామె మీద నాకింకా అనుమానమే. బేస్తవారం వస్తాను గానీ, ఆ టీ మాత్రం తాగను.”

నాలుగు చేతులు మెల్లగా కదిలాయి. లోపల మగ్గం ఆగింది. శంకరన్న గుమ్మంలోకి వచ్చాడు.

“ఏం చేస్తాండారమ్మా?”

“కండ్లు కనపడల్లేదా?” అంది ఈరమ్మ, పోగు మీది నుంచి చూపు తిప్పకుండానే. “అత్తాకోడండ్లం ఆసు పోస్తాండాము. పో, నువ్వు నేసుకో పో!”